సన్మానింపుము అంటే శాలువా కప్పడమా? పది ఆజ్ఞలను పిల్లలకు తేటగా చెప్పడం

పదమూడేళ్ల పిల్లలున్న సండే స్కూల్ క్లాసులో ‘నీ తండ్రిని నీ తల్లిని సన్మానింపుము’ అంటే ఏం చేయాలో అడిగి చూడండి. ఒకరిద్దరైనా శాలువా, పూలదండ, మెమెంటో అంటారు. ఎగతాళికి అనరు. వాళ్లు ఎరిగిన సన్మానం అదే, రిటైరైన హెడ్మాస్టరుకు వేదిక మీద చేసేది. బైబిల్లో ఆ మాటకున్న బరువు వేరు. చిన్నప్పుడు మాట వినడం, పెద్దయ్యాక వాళ్ల కూడూ మందూ చూడటం, నలుగురిలో వాళ్లను పలచన చేయకపోవడం అన్నీ అందులోకే వస్తాయి. ఇవేవీ చెప్పకుండా వాక్యం కంఠతా పట్టించి, పెన్సిల్ బాక్సు బహుమతిగా ఇచ్చి పంపితే ఆ ఆజ్ఞ ఆ పిల్లవాడి దాకా చేరనే లేదు.

తెలుగు క్రైస్తవ సంఘాల్లో ఎక్కువమంది చదివే బైబిల్ గ్రాంథికంలో ఉంది. ఆ భాష అందం ఆ భాషదే, దాన్ని పక్కన పెట్టాల్సిన పనిలేదు. అయితే అర్థం కాని మాటకన్నా అర్థం మారిపోయిన మాటతో ఎక్కువ చిక్కు. అర్థం కాకపోతే పిల్లలు అడుగుతారు. మారిపోతే అడగరు, తెలుసనుకుంటారు. పది ఆజ్ఞల్లోనే ఇలాంటివి నాలుగైదున్నాయి. ‘పొరుగువానిదగు దేనినైనను ఆశింపకూడదు’ అని ఉంటుంది. ఇవాళ్టి తెలుగులో ఆశించడమంటే మంచి ఫలితం కోసం ఎదురుచూడటం. అదెందుకు తప్పో పిల్లలకు అంతుపట్టదు. ‘వ్యభిచరింపకూడదు’ అన్న మాట వాళ్లకు పేపర్లో పోలీసు దాడుల వార్తల్లోనే కనిపిస్తుంది. కాబట్టి అదేదో తమ జోలికి రాని చెడ్డ వ్యాపారం అనుకుంటారు. పెళ్లినాడు ఇచ్చిన మాట తప్పడమన్న అసలు అర్థం తట్టదు. ‘అబద్ధసాక్ష్యము’ ఇంకా చిత్రం. సంఘంలో సాక్ష్యమంటే ఆదివారం లేచి నిలబడి దేవుడు చేసిన మేలు చెప్పడం. అందుకని తమకెందుకులే, మైకు పట్టుకునేవాళ్లకు వర్తించే ఆజ్ఞ ఇది అని వదిలేస్తారు. (వాళ్లకూ వర్తిస్తుంది, అది వేరే వ్యాసం.)

దేవుని నామాన్ని వ్యర్థంగా ఉచ్చరించడం అంటే మాటిమాటికీ ‘ఓ మై గాడ్’ అనడమేనని చాలామంది టీచర్లు సరిపెడతారు. దానికన్నా బరువైనది మన ఇళ్లలోనే వినిపిస్తుంది: ‘ఈ సంబంధమే చేసుకో, ప్రభువు నాకు చూపించాడు.’ తన ఇష్టానికి దేవుని సంతకం పెట్టడం ఇది.

ఇందుకు చేయాల్సిన పని చిన్నదే. ప్రతి ఆజ్ఞనూ గ్రాంథికంలో ఒకసారి చదివించి, వెంటనే పది పన్నెండు మాటలు మించని వాడుక వాక్యం ఒకటి బోర్డు మీద రాయాలి. ‘అమ్మానాన్నల మాటకు విలువివ్వు, వాళ్లకు చేతకాని రోజున నువ్వు చెయ్యి.’ ‘పెళ్లినాటి మాట తప్పకు, ఇంకొకరి పెళ్లి చెడగొట్టకు.’ ‘నీ మాటతో ఇంకొకరి పరువు తీయకు.’ ‘ఇంకొకరిది నాదైపోవాలని మనసులో కుతంత్రం పెంచకు.’ పిల్లలు రెండూ నేర్చుకోవాలి. పాత వాక్యం సంఘంతో కలిసి పలకడానికి, కొత్త వాక్యం సోమవారం బడికి పట్టుకెళ్లడానికి.

అన్నీ ఒకే ఎత్తులో పెడితే

లోకం గందరగోళంగా ఉంది, సినిమాలూ రీల్సూ పిల్లల్ని పాడుచేస్తున్నాయి అన్న ప్రసంగం ప్రతి యూత్ మీటింగులో వినిపిస్తుంది. అందులో నిజం లేకపోలేదు. కానీ గందరగోళంలో ఒక పెద్ద వాటా మన దగ్గరే తయారవుతోంది. ఒక పిల్ల పదేళ్లపాటు ఒకే గొంతుతో, ఒకే కోపంతో వినే మాటల్ని వరసగా రాసి చూస్తే సంగతి తెలుస్తుంది: అబద్ధమాడకు, బొట్టు పెట్టుకోకు, చెల్లిని కొట్టకు, సినిమాకు వెళ్లకు, దొంగతనం చేయకు, చెవులకు దిద్దులొద్దు, ప్రసాదం ముట్టకు, ఆరాధనకు ఆలస్యంగా రాకు. వీటిలో ఏది ఎంత పెద్దదో ఎవరూ చెప్పలేదు. పదహారేళ్లకు ఆ అమ్మాయి ఇంటర్‌కు వేరే ఊరెళ్లి, గాజులూ గొలుసూ వేసుకునే సీఎస్ఐ (దక్షిణ భారత సంఘం) కుటుంబంలోని స్నేహితురాల్ని చూస్తుంది. ఆమెకు తనకన్నా బాగా బైబిల్ తెలుసు, నోరు మంచిది, చేయి మంచిది. దిద్దుల నియమం ఆరోజే కూలుతుంది. అది ఏ గోడలో ఇటుకగా పెట్టారో ఆ గోడంతా దాంతోపాటే కదులుతుంది. ‘దిద్దుల సంగతి ఉత్తదే అయితే మిగతావి మాత్రం?’ అన్న ప్రశ్న సహజం.

కాబట్టి పిల్లలకు మూడు ఎత్తులు చూపించాలి. అన్నిటికన్నా పైన ఆజ్ఞ: దొంగిలకూడదు. దాని కింద, ఆజ్ఞనుంచి ఆలోచించి తీసిన మాట: పరీక్షలో చిట్టీ పెట్టడం కూడా దొంగతనమే, ఎందుకంటే చదివిన పిల్లవాడి ర్యాంకు లాక్కుంటున్నావు. దాని కింద సంఘం కట్టుబాటు: మన సంఘంలో తెల్లబట్టలు కడతాం, నగలు పెట్టుకోం, నేల మీద కూర్చుంటాం. మొదటిదాన్ని ‘దేవుడు వద్దన్నాడు’ అని చెప్పొచ్చు. రెండోదానికి ‘ఈ ఆజ్ఞను బట్టి ఇదీ తప్పే, కారణం ఇది’ అని కారణంతో చెప్పాలి, పిల్లలు కారణాన్ని ప్రశ్నించనివ్వాలి. మూడోదాన్ని ‘మనం ఇలా చేస్తాం’ అంటే చాలు. కట్టుబాటును ‘దేవుడు వద్దన్నాడు’ అని చెప్పడం, పైన అనుకున్నట్టు, ఆయన పేరును వ్యర్థంగా వాడటమే.

నగల సంగతిలో తరచూ చూపించేది 1 పేతురు 3:3. అక్కడ బంగారు నగల పక్కనే జడలు అల్లుకోవడం, వస్త్రాలు ధరించడం కూడా ఉన్నాయి. బంగారం మానినవాళ్లు జడ మానలేదు, బట్టలైతే అసలే మానలేదు. అంటే ఆ వాక్యం విలువను పైపై సింగారంలో వెతుక్కోవద్దని చెబుతోందే తప్ప నిషేధాల జాబితా ఇవ్వడం లేదని అందరికీ లోపల తెలుసు. అయినా నగలు పెట్టుకోకపోవడం పనికిమాలిన కట్టుబాటేమీ కాదు. ధనిక, పేద తేడా గుడిలో కనిపించకుండా చేయడానికి అది మంచి మార్గం. ఆ కారణమే చెప్పాలి. కారణం తెలిసిన కట్టుబాటును పిల్లలు పెద్దయ్యాక వదిలినా దాన్ని అసహ్యించుకోరు.

ప్రసాదం సంగతి మూడో ఎత్తుది కాదు, రెండోది. దీన్ని విప్పి చూపడానికి పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8, 10 అధ్యాయాలకన్నా మంచి పాఠం లేదు. విగ్రహార్పితం, అంటే విగ్రహానికి నైవేద్యం పెట్టిన ఆహారం, గురించి ఆయన ఒక్క ముక్కలో తేల్చడు. విగ్రహానికి ఏ శక్తీ లేదంటాడు. విగ్రహాల బల్ల దగ్గర కూర్చుని పూజలో పాలుపంచుకోవద్దంటాడు. అంగట్లో అమ్మే మాంసం గురించి ఆరా తీయకుండా తినమంటాడు. అన్యుడు భోజనానికి పిలిస్తే వెళ్లి పెట్టింది తినమంటాడు. ‘ఇది బలి అర్పించింది’ అని ఎవరైనా చెబితే మాత్రం ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానమంటాడు. నాలుగు సందర్భాలు, నాలుగు జవాబులు, ఆజ్ఞ ఒకటే. దీన్ని పిల్లలకు వాళ్ల వీధిలోకి తేవాలి. పక్కింటి పిన్నిగారు సంక్రాంతికి అరిసెలు పంపితే? గుళ్లో పెట్టిన పులిహోర అని చెప్పి ఇస్తే? రెండోదానికి చాలా సంఘాలు వద్దనే చెబుతాయి. వద్దనడం నేర్పినవాళ్లు ఎలా వద్దనాలో కూడా నేర్పాలి. ‘మేం తీసుకోమండి, ఏమీ అనుకోకండి’ అనే ఒక్క వాక్యాన్ని క్లాసులో ఇద్దరిద్దరిని నిలబెట్టి పలికించాలి. మొహం తిప్పుకోవడం, చెయ్యి విదిలించడం, ‘దెయ్యాల కూడు’ అనడం పొరుగువాణ్ణి ప్రేమించమన్న ఆజ్ఞకు విరుద్ధం. అది పై ఎత్తులోది.

పాత ప్రశ్నోత్తరాలు కట్టిన తీరు

తేటగా చెప్పడం కొత్త సమస్యేం కాదు. 1528లో జర్మన్ సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ సాక్సనీ పల్లెల్లో సంఘాలను తనిఖీ చేస్తే, జనానికి పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు కూడా రావని తేలింది. మరుసటేడు, 1529లో, ఇంటి యజమాని తన పిల్లలకు చెప్పుకునేలా చిన్న ప్రశ్నోత్తరి రాశాడు. ప్రతి ఆజ్ఞ తర్వాత ఒకే ప్రశ్న: దీని అర్థమేమిటి? జవాబు దాదాపు ప్రతిసారీ రెండు పక్కలా ఉంటుంది, ఏం చేయకూడదు, దాని బదులు ఏం చేయాలి. నరహత్య వద్దన్న ఆజ్ఞ కింద పొరుగువాడి ఒంటికి హాని చేయకపోవడంతో ఆపడు, అవసరంలో ఆదుకోమంటాడు. అబద్ధసాక్ష్యం కింద చాడీలు వద్దనడంతో ఆపడు, పొరుగువాడి తరఫున మాట్లాడమంటాడు, అతను చేసినదాన్ని వీలైనంత మంచిగా అర్థం చేసుకోమంటాడు. 1647 నాటి వెస్ట్‌మిన్‌స్టర్ చిన్న ప్రశ్నోత్తరి కూడా ఒక్కో ఆజ్ఞకు ‘ఏం కోరుతోంది, ఏం వద్దంటోంది’ అని విడివిడిగా అడుగుతుంది. మన సండే స్కూళ్లలో సాధారణంగా వద్దన్న పక్క మాత్రమే మిగిలింది. వద్దన్నవే వింటూ పెరిగిన పిల్లవాడికి మంచితనమంటే ఏమీ చేయకుండా కూర్చోవడం అనిపిస్తుంది. ఆ కుర్చీ చాలా విసుగు పుట్టిస్తుంది.

1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి చేసిన పని ఇంకొకటుంది. అందులో 129 ప్రశ్నలు, ఏడాదిలోని 52 ఆదివారాలకు పంచిపెట్టారు. మొదటి భాగం మనిషి దుస్థితి, రెండోది విడుదల, మూడోది కృతజ్ఞత. పది ఆజ్ఞల వివరణ మూడో భాగంలో ఉంది. ఎందుకంటే నిర్గమకాండంలో వరస అదే. ఐగుప్తునుంచి బయటికి తెచ్చాక, ఎర్రసముద్రం దాటించాక, మన్నా పెట్టాక సీనాయి దగ్గర ఆజ్ఞలొచ్చాయి. 20వ అధ్యాయం రెండో వచనం ‘నిన్ను దాసుల గృహం నుంచి రప్పించాను’ అన్న తర్వాతే మూడో వచనం ‘నేను తప్ప వేరొక దేవుడు’ అంటుంది. ఆ రెండో వచనం వదిలేసి పాఠం మొదలుపెడితే పిల్లలకు అర్థమయ్యేది ఇది: బుద్ధిగా ఉంటే దేవుడు ప్రేమిస్తాడు, లేకపోతే పరీక్ష తప్పిస్తాడు. మంచి మార్కులొచ్చిన ఏడాది ఈ లెక్క బాగానే నడుస్తుంది.

ఒక చిన్న జాగ్రత్త. ఆజ్ఞల అంకెలు అందరికీ ఒకటి కావు. కథోలికులు, లూథరన్లు విగ్రహాల నిషేధాన్ని మొదటి ఆజ్ఞలో కలిపి, ఆశింపకూడదన్నదాన్ని రెండుగా చేస్తారు. బాప్టిస్టులు, సీఎస్ఐ వాళ్లు విగ్రహాలను రెండో ఆజ్ఞగా విడదీస్తారు. కాబట్టి గుంటూరులో లూథరన్ పిల్లవాడికి ఏడో ఆజ్ఞ దొంగతనం, పక్క వీధి బాప్టిస్టు పిల్లవాడికి వ్యభిచారం. ఉమ్మడి వీబీఎస్‌లో (సెలవుల బైబిల్ బడిలో) అంకెతో ఆజ్ఞను పిలిస్తే సగం క్లాసు తప్పు జవాబు చెబుతుంది. పేరుతోనే పిలవాలి.

తెలుగు నేల మీదే ఇంకో పాఠముంది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గరికి 1860ల చివరినుంచి మాదిగ పల్లెలు తరలివచ్చాయి. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. అక్షరం రాని ఆ జనానికి ఆయన మొదట పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. మూడూ పల్లెలో అందరికీ కనబడేవే, మూడూ ఖరీదైనవే. ఆదివారం రానంటే ఆసామి ఊరుకోడు. జాతరలో డప్పు కొట్టనంటే ఊరు ఊరుకోదు. గమనించాల్సింది ఏమిటంటే, వీటిలో రెండోది పది ఆజ్ఞల్లో లేదు. ఆ కాలానికి, ఆ బతుకుకు అవసరమనిపించి పెట్టింది. ఇవాళ దాన్ని ఏ సండే స్కూల్లోనూ చెప్పరు, చెప్పనవసరం లేదు. కట్టుబాటు అంటే అంతే, పనైపోయాక దిగిపోతుంది. ఆజ్ఞ దిగదు.

నలభై ఐదు నిమిషాలు ఎలా గడపాలి

పదమూడునుంచి పదహారేళ్ల పిల్లలు, పన్నెండు పదిహేనుమంది, ఒక బోర్డు ఉన్నారనుకుందాం. ఆజ్ఞ అబద్ధసాక్ష్యం.

మొదటి ఐదు నిమిషాలు కిందటి వారం వాక్యాన్ని తమ మాటల్లో కాగితం మీద రాయించాలి. చేతులెత్తమంటే ఎప్పుడూ ఆ ముగ్గురే ఎత్తుతారు. తర్వాతి ఏడు నిమిషాలు వాక్యం, వాడుక తెలుగులో దాని రూపం. ఆ పైన పన్నెండు నిమిషాలు ఒకే ఒక్క సంగతి ముందు పెట్టాలి. ఉదాహరణకు, పదో తరగతి వాట్సాప్ గ్రూపులో ఒకమ్మాయి ఎవరికో రాసుకున్న మెసేజ్ స్క్రీన్‌షాట్ వచ్చింది. ఒక కుర్రాడు దాన్ని ఇంకో గ్రూపుకు పంపాడు. వాడేమీ కల్పించలేదు. తప్పు చేశాడా?

క్లాసులో కచ్చితంగా వచ్చే జవాబు: ‘అది నిజమే కదా.’ ఇక్కడ టీచర్ తొందరపడి వాక్యంతో నోరు మూయించకూడదు. ఆ వాదన పూర్తిగా చెప్పనిచ్చి, ‘ఆ అమ్మాయి సోమవారం బడికి ఎలా వస్తుంది?’ అని అడగాలి. ఆ తర్వాత సామెతలు 11:13 తీయాలి: ‘కొండెగాడై తిరుగులాడువాడు పరుల గుట్టు బయటపెట్టును.’ గుట్టు అబద్ధం కాదు, నిజమే. నిజంతో కూడా పరువు తీయొచ్చన్నది ఆరోజు పిల్లలు మోసుకెళ్లాల్సిన ఒక్క మాట. పెద్దలకూ పనికొచ్చేదే. మన ప్రార్థన కూటాల్లో ‘ఫలానావాళ్ల అమ్మాయి కోసం ప్రార్థించండి, వివరాలు అడగొద్దు’ అని మొదలై వివరాలన్నీ చెప్పేసే ప్రార్థన అంశాలు ఈ ఆజ్ఞ కిందికే వస్తాయి.

తర్వాత పది నిమిషాలు బోర్డు మీద రెండు గీతలు. ఎడమ పక్క చేయకూడనివి, కుడి పక్క చేయాల్సినవి. ఎడమ పక్క మూడు నిమిషాల్లో నిండుతుంది. కుడి పక్కకు ఒత్తిడి చేయాలి: డిలీట్ చేయడం, పంపినవాడికి విడిగా చెప్పడం, ఆ అమ్మాయి తరఫున గ్రూపులో ఒక్క మాటనడం. కుడి పక్క ఖాళీగా మిగిలితే పాఠం కాలేదని లెక్క. ఆరు నిమిషాలు అంచుల కోసం: గుట్టు దాచకూడని వేళ ఉందా? ఉంది. స్నేహితుడు చచ్చిపోతానన్నా, ఎవరో ఒంటి మీద చెయ్యి వేశారని చెప్పినా, ఆ గుట్టు దాచకూడదు, నమ్మకమున్న పెద్దవాళ్లకు చెప్పాలి. ఈ మాట అన్నిటికన్నా నెమ్మదిగా, రెండుసార్లు చెప్పాలి. మిగిలిన ఐదు నిమిషాలు ప్రార్థనకూ, వారంలో చేయాల్సిన ఒకే పనికీ.

ఈ లెక్క తప్పేది ఎక్కువగా పాటల దగ్గర. ఇరవై నిమిషాలు యాక్షన్ సాంగ్స్ అయ్యాక మిగిలిన సమయంలో చర్చ ఎగిరిపోతుంది, నీతివాక్యం మిగులుతుంది. ఇంకో తప్పు, ఉదాహరణకు క్లాసులోని పిల్లవాడి సంగతే తీసుకోవడం. ఆ వారం అందరూ శ్రద్ధగా వింటారు, మరుసటి వారంనుంచి ఆ పిల్లవాడు రాడు.

ప్రాణం కాపాడటానికి అబద్ధమాడొచ్చా అని ఒకరు తప్పక అడుగుతారు. మగపిల్లల్ని చంపమంటే బతికించి రాజుకు సాకు చెప్పిన ఐగుప్తు మంత్రసానుల గురించో, వేగులవాళ్లను దాచిన రాహాబు గురించో వాళ్లకు తెలిసే ఉంటుంది. అబద్ధం ఏదైనా పాపమేనని ప్రాచీన సంఘ పండితుడు అగస్టీను వాదించాడు, తర్వాతివాళ్లలో ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. టీచర్ ఈ భేదాన్ని దాచక్కర్లేదు. తేటగా చెప్పడమంటే చిక్కు లేదని నటించడం కాదు. చిక్కు ఎక్కడుందో వేలుపెట్టి చూపిస్తే, మిగతాచోట్ల చిక్కు లేదన్న మాట పిల్లలు నమ్ముతారు.

పెద్దలు తప్పుకునే మూడు ప్రశ్నలు

కట్నం. మన క్రైస్తవ పెళ్లిళ్లలో కట్నం లేదని ఎవరూ ప్రమాణం చేయరు. కానుక అంటారు, అమ్మాయికి ఇచ్చుకున్నాం అంటారు. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరాలే, కనీస శిక్ష ఐదేళ్లు. అడగకుండా ఇచ్చే ఆనవాయితీ బహుమతులకు మాత్రం వెసులుబాటుంది, వాటిని జాబితా రాయాలి, విలువ తాహతుకు మించకూడదు. కట్నంగా ముట్టింది ఏదైనా, పెళ్లికి ముందు ముడితే పెళ్లయిన మూడు నెలల్లో, ఆ తర్వాత ముడితే అందిన మూడు నెలల్లో, అమ్మాయికి అప్పగించాలని ఆరో సెక్షన్. పాఠానికి మాత్రం చట్టంకన్నా ముందు దొంగిలకూడదు, ఆశింపకూడదు అన్నవే రావాలి. యూత్ క్లాసులో నాలుగు ప్రశ్నలు చాలు: ఎవరు ముందు అడిగారు? వద్దని ఉంటే పెళ్లి జరిగేదా? పొలమో ఇల్లో అమ్మాల్సి వచ్చిందా? ఆ డబ్బు ఇప్పుడు ఎవరి పేరు మీద ఉంది? ఈ నాలుగింటికి నిజాయితీగా జవాబిస్తే కానుక, కట్నం తేడా వేరే చెప్పక్కర్లేదు.

రెండోది కుల సర్టిఫికెట్. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మతం మారిన ఎస్సీలకు, వాళ్ల పిల్లలకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బీసీ-సీ (వెనుకబడిన తరగతుల్లో సీ గ్రూపు) కింద ఒక్క శాతం రిజర్వేషన్ ఉంది. ఆదివారం గుడికి వెళ్లే ఇళ్లలో హిందూ-ఎస్సీ అని రాసిన సర్టిఫికెట్లు ఉంటాయన్నది బహిరంగ రహస్యం. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) రాసే ఏడాది ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు: ఇది అబద్ధసాక్ష్యమా?

ఇక్కడ చాలామంది టీచర్లు నీళ్లు నములుతారు, కొందరు కఠినంగా తీర్పు చెబుతారు. రెండూ పిల్లలకు ఉపయోగపడవు. మూడు మాటలు విడివిడిగా చెప్పాలి. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన పల్లెలో అంటరానితనం పోలేదు, పోయిందన్నట్టు రాసిన నియమం అన్యాయమని వాదించడానికి గట్టి కారణాలున్నాయి, ఆ వాదన సుప్రీంకోర్టులో నడుస్తోంది, 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌నూ వేసింది. ఇది ఒక మాట. అన్యాయమైన నియమానికి తప్పుడు ప్రకటన జవాబు కాదు, కాగితం మీద ఒకటి, సంఘంలో ప్రభువు బల్ల దగ్గర ఒకటి చెప్పడం మనస్సాక్షికి బరువే, చట్టం ముందు ప్రమాదమే. ఇది రెండోది. ఆ కాగితం తీసుకున్నది పిల్లవాడు కాదు, వాడి తరఫున ఎవరో, ఏ పరిస్థితిలోనో తీసుకున్నారు, వాళ్ల మీద తీర్పు చెప్పే పని వాడికి లేదు. ఇది మూడోది. మొదటి మాట వదిలేసి రెండోదే చెప్పే టీచర్ సాధారణంగా ఆ సర్టిఫికెట్ అవసరం లేని ఇంట్లో పుట్టినవాడై ఉంటాడు. పిల్లలు అది వెంటనే పసిగడతారు. సంఘంలో సీటు, సంబంధం, సమాధుల స్థలం దగ్గర కులం చూసేవాళ్ల గురించి, పక్షపాతాన్ని తప్పుపట్టే యాకోబు పత్రిక 2వ అధ్యాయం చదవకుండా ఈ పాఠం ముగించడం కూడా న్యాయం కాదు.

మూడోది, మందిరానికి ఇవ్వడం, ఇంటికి ఇవ్వడం. మార్కు 7లో యేసు కొర్బాను సంగతి ఎత్తుతాడు. తల్లిదండ్రులకు చెందాల్సినదాన్ని ‘దేవునికి అర్పితం’ అనేసి చేతులు దులుపుకునేవాళ్లను తప్పుపడతాడు. తండ్రికి డయాలసిస్ నడుస్తుంటే కన్వెన్షన్‌కు (పెద్ద ఆరాధన సభలకు) విరాళం రాసిన కొడుకును వేదిక మీద మెచ్చుకునే సంఘం, ఆ ఆదివారం సండే స్కూల్లో సన్మానింపుము అన్న వాక్యం చెప్పకపోవడమే నయం.

పవిత్రత గురించిన పాఠం మీద పుస్తకాలకు పుస్తకాలే ఉన్నాయి కాబట్టి ఇక్కడ రెండే సంగతులు. ఆడపిల్లలకు బట్టల గురించి, మగపిల్లలకు చూపుల గురించి విడివిడిగా చెబుతారు. చూపు సంగతి మత్తయి 5:28లో ఉంది, బట్టల సంగతి ఆ వచనంలో లేదు. రెండోది, ఈ పాఠం తర్వాత ఎవరో ఒక పిల్ల వచ్చి తనకు జరిగినదాన్ని చెప్పొచ్చు. ‘ఎవరికీ చెప్పను’ అని మాటివ్వకూడదు. 2012 పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, సంఘ పెద్దలు రాజీ చేసే వ్యవహారం కాదు. చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098 క్లాసు గోడ మీద రాసి ఉంచాలి.

పరీక్ష ఎలా పెట్టాలి

పన్నెండు వారాలకు ఒక విడత సరిపోతుంది. పది ఆజ్ఞలకు పది, మొదట నిర్గమకాండం కథకు ఒకటి, చివర పరీక్షకు ఒకటి. కంఠత వచ్చిందా అని చూడటం సులువు, అందుకే అందరూ అదే చూస్తారు. దానికి బదులు క్లాసులో చర్చించని మూడు కొత్త సంగతులు కాగితం మీద ఇవ్వాలి. మచ్చుకు: మీ అన్నయ్య క్రికెట్ బెట్టింగ్ యాప్‌లో డబ్బు పోగొట్టుకుని, అమ్మకు ఫీజు కట్టానని చెప్పమన్నాడు. ఏం చేస్తావు? జవాబులో మూడు చూడాలి. ఏ ఆజ్ఞో గుర్తుపట్టారా, చేయకూడనిది, చేయాల్సినది రెండూ రాశారా, ఇది ఆజ్ఞా కట్టుబాటా అని పోల్చుకున్నారా. మార్కులు వేయనక్కర్లేదు. ఏ ప్రశ్నకు ఎక్కువమంది తడబడ్డారో అదే వచ్చే విడత మొదటి పాఠం.

ఒక జవాబు మాత్రం ప్రతి క్లాసులోనూ, ప్రతి ప్రశ్నకూ వస్తుంది: ‘ప్రార్థన చేస్తాను.’ అది తప్పు జవాబు కాదు కాబట్టి కొట్టేయలేం. ప్రశ్నపత్రం తయారు చేసేటప్పుడే ఆ మాటను ముందుగా అచ్చువేసి, దాని కింద ‘ప్రార్థన చేసి లేచాక:’ అని రాసి మూడు గీతలు ఖాళీగా వదిలితే సరిపోతుంది.